జాడింపు నీటిలో సిర్కా

"ఇంట సబ్బుకు కరవు లేదు, చేతికి బద్ధకము లేదు, అయినను తెల్లచొక్కా నాలుగు మార్లు ఉతికిన పిమ్మట మసకబారుచున్నది, తుండుగుడ్డ ఒంటికి గరుకు తగులుచున్నది, కారణమేమి?" అను ప్రశ్న పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి ప్రాంతములందలి గృహిణుల నోటను, కర్మాగారములలో పనిచేయుచు అద్దెగదులలో తమ బట్టలను తామే ఉతుకుకొను కార్మికుల నోటను తరచుగా వినవచ్చును. ఇటీవల దీనికొక సమాధానము ప్రచారములోనికి వచ్చినది: చివరిసారి జాడించు నీటిలో కొంచెము సిర్కా పోయుడని. అంగడి సీసాపై వినెగర్ అని ముద్రింపబడి, తెలంగాణమున సిర్కా యను పేర చిరకాలముగా తెలిసిన ఈ పుల్లని ద్రవము ఇన్నాళ్లు వంటింటిలో ఒక మూల నుండి, ఇప్పుడు బట్టలుతుకు చోటికి వచ్చి చేరినది. పోసి చూచినవారిలో కొందరు గుణము కనబడినదందురు. కొందరు వాసన తప్ప వేరేమియు మిగులలేదందురు. ఇరుతెగలవారును తాము చూచినదే చెప్పుచున్నారు. ఒకే సీసాలోని సిర్కా ఒక యింట పనిచేసి పొరుగింట పనిచేయకపోవుటకు హేతువును బకెట్టులోని నీటియందు వెదకవలెను. కావున మొదట నీటిని గూర్చియు, పిదప సబ్బును గూర్చియు తెలిసికొని, ఆ మీదట సిర్కా కడకు వచ్చుట యుక్తము.

రాతి నుండి బకెట్టుకు

ఆకాశము నుండి దిగు వాననీటిలో లవణములు అత్యల్పము. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత తనలో కలుపుకొని, నేలలోనికి ఇంకునపుడు చెట్లవేళ్లు విడుచు అదే వాయువును మరికొంత గ్రహించి, నాలుకకు తెలియనంతటి స్వల్పమైన పులుపును సంతరించుకొనును. సంగారెడ్డి జిల్లా తూర్పుభాగము నల్లసేనపురాళ్ల వంటి కఠినశిలల మీద, అనగా గ్రానైటు, నైసు శిలల మీద నిలిచియున్నది. పడమట జహీరాబాదు, నారాయణఖేడు వైపున నల్లరేగడికి పుట్టినిల్లయిన అగ్నిశిలలును, ఎర్రని జేగురు రాతినేలలును కలవు. పై చెప్పిన పులుపు నీరు ఈ రాళ్ల పగుళ్లలో జారుచు, శిథిలమైన రాతి పొడిని, నేలలో అక్కడక్కడ తెల్లగా కనబడు సున్నపు గడ్డలను కొంచెము కొంచెముగా కరగించుకొని, కాల్షియము, మెగ్నీషియము అను రెండు లోహముల లవణములను తనతో తెచ్చుకొనును. బోరు ఎంత లోతుకు పోయిన, నీరు ఆ పగుళ్లలో ఎంత కాలము నిలిచియున్న, సాధారణముగా ఈ లవణముల భారము అంత పెరుగును. పాఠ్యగ్రంథములలో కఠినజలమనబడునది ఇదియే. పప్పు ఉడకని నీరని, సబ్బు నురగ రాని నీరని మన యిండ్లలో చెప్పుకొనునదియు ఇదియే.

ఇక్కడ ఒక సంగతి స్పష్టము చేయవలసియున్నది. ఈ ప్రాంతమున నీటిలో దోషము ఏది కనబడినను కర్మాగారముల వైపు వ్రేలు చూపుట అలవాటైనది. దానికి తగిన కారణములు లేకపోలేదు. వానిని గూర్చి ముందు చెప్పుదును. కాని నీటి కాఠిన్యము మాత్రము 1970ల నడుమ ఇచ్చట పరిశ్రమలు పాదుకొనుటకు ఎంతో పూర్వము నుండియు రాతినేల ప్రసాదించుచున్న గుణము. భారత ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన త్రాగునీటి ప్రమాణము ననుసరించి, లీటరు నీటిలో మొత్తము కాఠిన్యము 200 మిల్లీగ్రాములు దాటకుండుట కోరదగినది. వేరు నీరు దొరకని పక్షమున 600 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చును. త్రాగుటకు సహింపదగిన నీరు సైతము ఉతుకుటకు దుస్సహము కావచ్చునని పాఠకులు గుర్తింపవలెను.

ఈ ప్రాంతపు ఇండ్లలో మరియొక నీరు కూడ కలదు. సంగారెడ్డి సమీపమున కల్పగూరు కడ మంజీరా నదికి కట్టిన ఆనకట్ట నుండి 1965 మొదలు హైదరాబాదు నగరమునకు నీరు పోవుచున్నది. దానికి ఎగువన సింగూరు జలాశయము కలదు. 2016 ఆగస్టులో గజ్వేలు ప్రాంతమున కోమటిబండ కడ ప్రారంభింపబడిన మిషన్ భగీరథ పథకము వలన శుద్ధిచేసిన నదీజలము పల్లెలకును గొట్టముల ద్వారా చేరినది. వానకాలపు వరదతో నిండు జలాశయపు నీటికి రాతి పగుళ్లలో కాలము గడపు అవసరము లేదు గనుక, అది బోరు నీటికంటె సామాన్యముగా మృదువు. త్రాగుటకు, వంటకు మంజీర నీళ్లు, తక్కిన పనులకు బోరు నీళ్లు అను ఈ పంపకము ఇక్కడి గృహస్థులకు సహజమైపోయినది. ఉతుకుడు సమస్తమును రెండవ నీటి పాలబడినది. మన కథకు మూలము అదియే.

సబ్బుకును సున్నమునకును గల వైరము

సబ్బు స్వరూపమును మొదట విప్పి చెప్పినవాడు షెవ్రోల్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. కొవ్వులో కొవ్వుపులుసులనదగు ఆమ్లములు గ్లిసరిన్‌తో కూడియుండుననియు, కొవ్వును క్షారముతో కాచినపుడు ఆ ఆమ్లములు గ్లిసరిన్‌ను విడిచి క్షారముతో చేరుటయే సబ్బు అగుటయనియు ఆయన 1823లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. సబ్బు అణువు పొడవైనది. దాని ఒక కొస జిడ్డును పట్టుకొనును, రెండవ కొస నీటిని పట్టుకొనును. మురికిని బట్ట నుండి ఊడదీసి నీటిలోనికి తెచ్చు శక్తి ఈ రెండు కొసల వలననే కలుగుచున్నది.

కఠినజలములో ఈ రెండవ కొస చెడును. నీటిలోని కాల్షియము సబ్బులోని సోడియమును త్రోసివేసి ఆ స్థానమును తానాక్రమింపగా, నీటిలో కరగని జిగటతెట్టు ఒకటి పుట్టును. దీనిని సున్నపుసబ్బు అందము. దీనిని కంటితో చూడగోరువారు రెండు ఖాళీ సీసాలు తీసికొని, ఒకదానిలో సగము వరకు మంజీర నీరును, మరియొకదానిలో బోరు నీరును పోసి, బట్టల సబ్బును గోటితో గీరి అదే పరిమాణముగా రెంటను వేసి, మూత బిగించి బాగుగా కుదుపవలెను. మొదటి దానిలో నురగ మెడ వరకు లేచి నిలుచును. రెండవ దానిలో నురగ పలుచనై వెంటనే అణగి, నీరు తెల్లగా మసకబారి, కొంతసేపటికి గాజు గోడకు తెల్లని పెళుకులు అంటుకొనుట కనబడును. ఆ పెళుకులే బట్ట నేతలో ఇరుకుకొని, గాలిలోని ధూళిని, తరువాతి ఉతుకుడులోని మురికిని పట్టి ఉంచును. చొక్కా మసకబారుటకు హేతువు ఇది. మరింత సబ్బు రుద్దినకొలది మరింత సున్నపుసబ్బు పుట్టుట వలన శ్రమ పెరుగునే గాని తెలుపు పెరుగదు.

ఉతుకుడు పొడులు వచ్చిన పిమ్మట, ముఖ్యముగా 1969లో గుజరాతున కర్సన్‌భాయి పటేలు ప్రారంభించిన నిర్మా వంటి చౌక పొడులు పల్లెలకు చేరిన పిమ్మట, ఈ బాధ కొంత తగ్గినది. ఏలయన పొడిలోని కృత్రిమ క్షాళకములు కాల్షియముతో సబ్బువలె తేలికగా గడ్డకట్టవు. కాని ఆ పొడులలో సోడా వంటి క్షారములు హెచ్చుగా నుండును. అవి నీటిలోని కాల్షియముతో కలిసి సన్నని సుద్దపొడిగా మారి బట్టపై దిగుటయు, చాలినంత జాడింపనిచో క్షారము బట్టలోనే నిలిచి చర్మమును బాధించుటయు కలదు. నీటి ఎద్దడి గల వేసవిలో ఒక్కసారి జాడించి ముగించు ఇండ్లలో ఈ దోషము మరింత స్పష్టము.

అయితే తుండుగుడ్డ బిరుసునంతటిని సున్నముపై మోపుట న్యాయము కాదు. జపానులోని హొక్కైడో విశ్వవిద్యాలయ పరిశోధకులును, కావో సంస్థ పరిశోధకులును కలిసి 2020లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, నూలుబట్ట గాలికి ఆరినపుడు దాని పోగులపై మిగిలిన అత్యల్పమైన నీరు పోగును పోగుతో అతికించుట వలనను బిరుసుదనము పుట్టుచున్నది. దండెము మీద నుండి తీసిన బట్టను రెండుసార్లు విదిలించి, చేత నలిపి మడచినంతనే బిరుసు కొంత విడుట ఇందువలననే. ఇంతమాత్రపు బిరుసునకు ఏ మందును అక్కరలేదు.

పులుపు చేయు మేలు

సిర్కాలో నూటికి తొంబదియైదు పాళ్లు నీరే. తక్కినది ప్రధానముగా ఎసిటిక్ ఆమ్లము. అంగడిలో దొరకు సీసాలలో ఈ ఆమ్లము సామాన్యముగా నూటికి నాలుగైదు పాళ్లుండును. అల్పమైనను ఈ పులుపు మూడు పనులు చేయగలదు. బట్టలో మిగిలిన క్షారమును విరుచుట మొదటిది. సుద్దరూపమున దిగిన కాల్షియమును కరగించి నీటి వెంట పంపుట రెండవది. మూత్రము పులిసి పుట్టు అమోనియా వాయువును వాసనలేని లవణముగా మార్చుట మూడవది. పసిపిల్లల పక్కబట్టలకు సిర్కా హితమనుట ఈ కారణముననే సత్యము. చెమట కంపునకు మాత్రము ఇది మందు కాదు. ఆ కంపులో గల పదార్థములు పలువిధములు, వానిలో కొన్ని తామే ఆమ్లములు; వానిని తొలగింపవలసినది సబ్బే.

వస్త్రములకు పులుపు పెట్టుట ఇప్పుడు కొత్తగా పుట్టిన విద్య కాదు. ఐరోపాలో నారబట్టలను తెలుపు చేయువారు వానిని క్షారములో ఉడికించి, పిదప పుల్లని మజ్జిగలో దినముల తరబడి నానవేయుచుండిరి. 1756లో ఎడింబరో నగరమున ఫ్రాన్సిస్ హోం అను వైద్యుడు బట్టలు తెలుపుచేయు విద్యపై ఒక గ్రంథము వ్రాసి, మజ్జిగకు బదులు బాగుగా పలుచచేసిన గంధకామ్లమును వాడినచో కాలము ఎంతో కలిసివచ్చునని చూపెను. మన దేశమున రజకులు చవుడుమట్టి క్షారముతో బట్టలు నానవేసి, బానకెక్కించి ఆవిరిపట్టించిన విద్య సుప్రసిద్ధము. సిర్కాలోని ఆమ్లమునకు కూడ తెలుగు వస్త్రశిల్పముతో పాతపరిచయమే కలదు: శ్రీకాళహస్తి, పెడన కలంకారీ కళాకారులు నల్లరంగు కొరకు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో దినముల తరబడి పులియబెట్టుదురు. ఆ పులియుటలో పుట్టు ఎసిటిక్ ఆమ్లమే ఇనుమును కరగించి రంగుకు సిద్ధపరచుచున్నది.

సిర్కా సుద్దను కరగించు తీరును చూచుటకు ఇంటి కొళాయి చాలును. బోరు నీరు వచ్చు కొళాయి మూతిచుట్టు తెల్లగా, గట్టిగా పేరుకొన్న పొర దాదాపు ప్రతి యింట కనబడును. ఒక పాతగుడ్డపేలికను సిర్కాలో తడిపి ఆ మూతికి చుట్టి, రాత్రి అట్లే యుంచి ఉదయమున విప్పినచో, నిన్న గోటికి లొంగని పొర నేడు మెత్తనై వేలితో రుద్దిన ఊడివచ్చును. నీళ్లు కాచు రాడ్డుకు పట్టిన తెల్లని పెచ్చును ఇట్లే పోగొట్టవచ్చును. రాడ్డు తీగను విద్యుత్తు నుండి తప్పించి, చల్లారిన పిమ్మట మాత్రమే ఆ పని చేయవలెను.

బకెట్టులోని లెక్క

కొళాయికి ఇంత చక్కగా పనిచేసిన సిర్కా బట్టలకేల పనిచేయదని అడుగువారికి సమాధానము పరిమాణములోనున్నది. కొళాయికి చుట్టిన గుడ్డలో సిర్కా తన పూర్తి బలముతో నున్నది. బకెట్టులో అది ఇరువది లీటర్ల నీటితో తలపడవలసియున్నది. ఆ నీటిలో బొగ్గుపులుసు వాయువు చేరి పుట్టిన బైకార్బొనేటు లవణములు కలవు. అవి ఆమ్లమును చూచినంతనే దానిని విరిచివేయును.

పూర్వము కళ్లములో ధాన్యపురాశి పోసినపుడు, గింజ రైతు గాదెకు చేరకమునుపే చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి మొదలగువారు తమ తమ మేర కొలిపించుకొని పోయెడివారు. రాశి పెద్దదైన రైతుకు మిగులును, చిన్నదైన మేరలకే సరిపోవును. బకెట్టులో పోసిన సిర్కా గతియు ఇంతే. మొదటి మేర నీటిలోని బైకార్బొనేటుది. అది పోగా మిగిలినదే బట్టకు.

ఈ మేర ఎంతయో ఉదాహరణముతో చూతము. ఒక బోరు నీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల సుద్దకు సమానమైన బైకార్బొనేటు ఉన్నదనుకొందము. 20 లీటర్ల బకెట్టులో ఇది 6 గ్రాముల సుద్దకు సమానము. గ్రాము సుద్దను విరుచుటకు సుమారు 1.2 గ్రాముల ఎసిటిక్ ఆమ్లము పట్టును గనుక, ఈ బకెట్టు నీరు తనకొరకే 7.2 గ్రాముల ఆమ్లమును కోరును. నూటికి నాలుగు పాళ్లు గల సిర్కా 100 మిల్లీలీటర్లలో ఆమ్లము 4 గ్రాములు. అనగా 180 మిల్లీలీటర్ల సిర్కా నీటికే చెల్లును. సలహాలిచ్చువారు చెప్పు నాలుగు పెద్దచెంచాలు, అనగా 60 మిల్లీలీటర్లు పోసినచో, నీటి మేరలో మూడవ వంతైనను తీరినదో లేదో యనునంతలో సిర్కా ఖర్చైపోవును. బట్టకు దక్కినది దాదాపు శూన్యము.

ఇప్పుడు అదే బకెట్టులో లీటరుకు 60 మిల్లీగ్రాములు మాత్రమే గల మృదుజలమున్నదనుకొనుడు. నీటి మేర 36 మిల్లీలీటర్లతో తీరును. పోసిన 60 మిల్లీలీటర్లలో 24 మిల్లీలీటర్లు బట్టలోని క్షారముపై పనిచేయుటకు మిగులును. ఒకరి యింట గుణము కనబడి, పొరుగింట కనబడకపోవుటకు కారణము ఇంతకంటె వేరు లేదు. ఆ సలహాలు పుట్టిన దేశములలో అనేకచోట్ల నీరు మృదువు. చెంచాల కొలత అక్కడిది, బోరు ఇక్కడిది.

దీనినుండి ఒక విచిత్రమైన ఫలితము తేలుచున్నది. నీరు మెత్తనైన యింట సున్నపు బాధ స్వల్పము గనుక సిర్కా అవసరమే తక్కువ. నీరు గట్టిదైన యింట అవసరము హెచ్చు, కాని పోసినదానిని నీరే మ్రింగును. పైగా సిర్కా నీటిలోని కాల్షియమును తీసివేయదు, దానిని కరగియుండునట్లు మాత్రమే చేయును. నీటిని నిజముగా మెత్తబరచు పదార్థము పచారీ కొట్టులో చాకలిసోడా యను పేరుతోనే దొరకును. అది కాల్షియమును సుద్దగా విడగొట్టి అడుగునకు దింపును. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యము గల 20 లీటర్ల నీటికి పొడిసోడా సుమారు 11 గ్రాములు చాలును. సబ్బు వేయుటకు ముందు సోడా వేసి, నీరు తేరిన పిమ్మట పైనీరు వంచుకొని ఉతికినచో సబ్బు ఎంత ఆదా యగునో చేసి చూచినవారికే తెలియును.

బట్టను బట్టి పులుపు

నూలు, పట్టు, ఉన్ని అను మూటి స్వభావములు భిన్నములు. నూలు క్షారమునకు ఓర్చును, ఘాటైన ఆమ్లమునకు ఓర్వదు. పట్టు, ఉన్ని జంతుజన్యములైన మాంసకృత్తులు గనుక క్షారమునకు చెడును, స్వల్పమైన ఆమ్లమును సహించును. పట్టు విషయమున పులుపు చేయు పని వినబడునది కూడ: కొత్తపట్టును విప్పునపుడు వచ్చు గరగర శబ్దము, దానిని నేతకు పూర్వము గాని పిదప గాని సేంద్రియామ్లపు పలుచని నీటిలో ముంచి తీయుట వలన కలుగునదని వస్త్రశాస్త్రజ్ఞులకు విదితము. జరీ లేని పట్టుబట్టను మృదుజలములో ఉతికి, కడపటి నీటిలో ఒక చెంచా సిర్కా కలిపిన మెరుపు నిలుచును. జరీ గల చీరకు మాత్రము ఆ ప్రయోగము వలదు. జరీలోని వెండి, రాగి పులుపుతో నల్లబారు ప్రమాదము కలదు.

సిర్కాకు బదులు నిమ్మరసము చాలదా యని కొందరడుగుదురు. నిమ్మలోని ఆమ్లము ఎగిరిపోవునది కాదు. చాలినంత జాడింపక ఆరవేసి, పిదప ఇస్త్రీ చేసినచో అది నూలుపోగులో నిలిచి దానిని బలహీనపరచును. ఎసిటిక్ ఆమ్లము నీటితోపాటు ఆవిరియై పోవును. దండెము మీద బట్ట ఆరినంతనే సిర్కా వాసన మాయమగుట దీనికి నిదర్శనము. తుప్పుమరకపై మాత్రము నిమ్మయే మేలు; దాని ఆమ్లము ఇనుమును పట్టుకొని నీటిలోనికి తీసికొనివచ్చును.

సిర్కాలో నానవేసిన రంగు నిలుచునని మరియొక వాడుక కలదు. పట్టుకు, ఉన్నికి వేయు కొన్ని రంగుల విషయమున ఇది నిజము. ఆ రంగులు ఆమ్లమున్నచోటనే పోగును గట్టిగా పట్టుకొనును. నూలు లుంగీలకు, చీరలకు వేయు రంగులు వేరు జాతికి చెందినవి. వానిని నిలుపుట సిర్కా వలన కాదు.

సహజమా, కృత్రిమమా?

సిర్కాను ప్రశంసించువారు దానిని సహజమైనదని మెచ్చుకొందురు. పులిసిన కల్లు గాని, పండ్లరసము గాని, చెరకురసము గాని గాలికి తెరచియుంచిన కొన్నాళ్లకు సిర్కా యగుట తరతరములకు తెలిసినదే. ఆ మార్పు సూక్ష్మజీవుల పనియని 1864లో పాశ్చర్ స్థాపించెను. అంతకు పూర్వమే, 1845లో, కోల్బె అను జర్మను శాస్త్రజ్ఞుడు ప్రాణిసంబంధము లేని పదార్థముల నుండి ఎసిటిక్ ఆమ్లమును తయారుచేసి, ప్రయోగశాలలో పుట్టిన ఆమ్లమునకును ద్రాక్షరసమున పుట్టిన ఆమ్లమునకును భేదము లేదని చూపెను. నేడు ప్రపంచమున హెచ్చుభాగము ఈ ఆమ్లము మెథనాల్ నుండి కర్మాగారములలో తయారగుచున్నది. మన దేశమున చెరకు మడ్డి నుండి తీసిన ఆల్కహాలు ద్వారా తయారుచేయు పద్ధతియు చిరకాలము నుండి కలదు. మన కొట్లలోని చౌకసీసా వెనుక చిన్న అక్షరములు చదివినవారికి అది కృత్రిమమనియు, ఎసిటిక్ ఆమ్లము నుండి చేయబడినదనియు కనబడును. అట్లు ముద్రింపవలెనని చట్టమే శాసించుచున్నది.

బట్టకు ఈ భేదము తెలియదు. పండ్ల సిర్కాలో నుండు రంగు తెల్లబట్టకు అంటవచ్చును గనుక, ఉతుకుడుకు చౌకయైన కృత్రిమ సిర్కాయే వాస్తవమున మేలు. ఇంటివస్తువు సహజము, కర్మాగారపు వస్తువు రసాయనము అను విభజన ఈ ప్రాంతవాసులకు ఎంత ఆకర్షకమైనను, సిర్కా విషయమున అది నిలువదు. మందులు తయారుచేయు కర్మాగారములలో సైతము ఎసిటిక్ ఆమ్లము నిత్యము వాడబడు పదార్థమే. హితాహితములను నిర్ణయించునది పదార్థపు పుట్టుక కాదు, దాని పరిమాణమును దానితో కలియు ఇతర పదార్థమును.

సిర్కాకు చేతకానివి, చేయరానివి

బ్లీచింగు పొడితో గాని, బ్లీచు ద్రవముతో గాని సిర్కాను ఎన్నడును కలుపరాదు. కలిపినచో క్లోరిను అను విషవాయువు పుట్టి, కిటికీ మూసిన స్నానాలగదిలో ఊపిరాడక చేయును. సోడాతో కలిపి పోయుట ప్రమాదము కాదు గాని నిష్ప్రయోజనము: పొంగు వచ్చును, వేడుక కనబడును, పిమ్మట మిగులునది ఆమ్లమును కాక క్షారమును కాక ఒక లవణపు నీరు. సబ్బునీటిలోనే సిర్కా పోసినచో ఆమ్లము సబ్బును విరిచి తిరిగి కొవ్వుపులుసుగా మార్చును. నురగ చచ్చి, బట్టకు జిడ్డు పట్టును. అందుచేత సబ్బు పూర్తిగా పోయిన పిదపనే సిర్కా వంతు రావలెను.

ఈ ప్రాంతపు ఇండ్లలో ఆరుబయట గచ్చుకు బదులు తాండూరు బండలు పరచుట వాడుక. అవి సున్నపురాయి జాతివి. చిక్కని సిర్కా చుక్కలు వానిపై పడి నిలిచినచో సన్నని బుడగలు లేచి, నునుపు పోయి మచ్చ మిగులును. బకెట్టులో కలిపిన పలుచని నీరు పడిన భయము లేదు. ఉతుకుడు యంత్రములోని రబ్బరు భాగములు చిక్కని సిర్కా తరచుగా తగిలిన పాడగును గనుక, యంత్రమున్నవారు తయారీదారుల సూచనలు చదివి నడుచుకొనుట మంచిది. రోగక్రిములను చంపు శక్తి బకెట్టులో కలిసిన సిర్కాకు ఉండదు. ఆ పనికి మరిగిన నీరును, ఎండయు నమ్మదగినవి.

ఇక కాలుష్యపు మాట. నక్కవాగు, ఇసుకవాగు పరిసరములలోని భూజలము చెడిపోవుటను గూర్చి 1990లోనే సుప్రీంకోర్టునకు వ్యాజ్యము చేరినది. కర్మాగారముల వ్యర్థజలములను ఒకచోట శుద్ధిచేయు కేంద్రము పటాన్‌చెరులో 1994లో పనిచేయ నారంభించినది. స్వీడనుకు చెందిన లార్సన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఆ కేంద్రము నుండి వెడలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలి ప్రపంచమంతయు ఆశ్చర్యపోయెను. ఇట్టి మందులను, ద్రావకములను, భారలోహములను సిర్కా ఏమియు చేయలేదు. పరీక్షలో అట్టి దోషము తేలిన బోరు నీటికి ఇంటి చిట్కాలు లేవు. ఆ నీటిని మానుటయే మార్గము. రసాయనములు తగిలిన పని దుస్తులను కూడ సిర్కా శుద్ధిచేయదు. వానిని పిల్లల బట్టలతో కలుపక, విడిగా, రెండు మార్లు సబ్బుతో ఉతికి, హెచ్చునీటితో జాడింపవలెను.

ఆచరణక్రమము

చెప్పినదంతయు కూర్చి చూచిన, ఈ ప్రాంతపు గృహస్థునకు అనుకూలమైన క్రమము ఇట్లుండును. ముందు తన బోరు నీటి కాఠిన్యమెంతయో ఒకసారి పరీక్ష చేయించుకొనవలెను; సీసాలో సబ్బు కుదిపి చూచినను స్థూలముగా తెలియును. నీరు గట్టిదైనచో నూలుబట్టలకు సోడాతో నీటిని మెత్తబరచి, తేరిన నీటిలో సబ్బుగాని పొడిగాని కొలత మించక వాడి ఉతుకవలెను. ఒకటి రెండు మార్లు బోరు నీటిలోనే జాడించి నురగ పోగొట్టి, కడపటి జాడింపునకు మాత్రము ఒక బకెట్టు మంజీర నీరు గాని, వానకాలమున ఇంటికప్పు నుండి పట్టిన నీరు గాని కేటాయించి, అందులో 60 మిల్లీలీటర్ల సిర్కా బట్టలు వేయుటకు ముందే కలిపి, అయిదు నిముషములు ముంచి, పిండి ఆరవేయవలెను. వారమంతయు చేయ నక్కరలేదు. తుండుగుడ్డలకు, పక్కబట్టలకు, తెల్లబట్టలకు పదునైదు దినములకొకసారి చేసిన చాలును.

త్రాగునీటిలో నుండి ఉతుకుడుకు ఒక బకెట్టు తీయుట కొందరికి దుబారాగా తోచవచ్చును. లెక్క వేసిన భ్రమ తొలగును. ఆ ఒక్క బకెట్టు మెత్తని నీరు లేకున్న, అదే ఫలమునకు బోరు నీటిలో ప్రతిసారియు 180 మిల్లీలీటర్లకు మించి, అనగా అరలీటరు సీసాలో మూడవ వంతుకు పైగా సిర్కా కుమ్మరింపవలెను. అంత పోసినను కాల్షియము నీటిలోనే యుండును. సిర్కా కొనుటకు ముందు మెత్తని నీరు సమకూర్చుకొన్నవానికి సీసా నెలల తరబడి వచ్చును; సమకూర్చుకొనని వానికి అది రెండు మూడు ఉతుకులకే ఖాళీ యగును.